ఎవరి కోసం గీయాలి? తెలుగు ఇలస్ట్రేషన్‌లో విపణి ఎంపిక, శైలి, హక్కు

వ్యాససంగ్రహం:

తెలుగు పత్రికల్లో, పుస్తకాల్లో బొమ్మలు వేసిన చిత్రకారుల గురించి వెలువడిన రచనల్లో ఎక్కువ భాగం వారి ప్రతిభను కీర్తించే నివాళులు, జ్ఞాపకాలు. ఒక చిత్రకారుని గీత అలాగే ఎందుకు రూపొందిందన్న ప్రశ్నకు ఆ రచనల్లో సమాధానం దొరకదు. చిత్రకారుడు ఏ విపణిని ఎంచుకొన్నాడన్నది అతని శైలిని, చూపరిని, హక్కులను నిర్ణయించే మౌలిక విషయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చందమామ చిత్రకారులు, వడ్డాది పాపయ్య, బాపు, ఈశ్వర్, మోహన్‌ల కృషిని ఉదాహరణలుగా తీసుకొని పత్రిక, ముఖపత్రం, సినిమా ప్రచారం, ఉద్యమ చిత్రం, బాలల పుస్తకం అనే రంగాలు గీతకు ఇచ్చిన అవకాశాలను, విధించిన పరిమితులను విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: ఇలస్ట్రేషన్, విపణి, కథాచిత్రం, ముఖచిత్రం, చందమామ, బాపు, వడ్డాది పాపయ్య, కాపీరైట్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు కథకు వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం వార, మాస పత్రికల ద్వారానే పాఠకులకు చేరింది. పత్రికలో కథను చదివిన పాఠకుడు ముందుగా చూసింది బొమ్మను. శీర్షికను రాసిన అక్షరాలు, వాటి పక్కన నిలిచిన పాత్ర, ఆ పాత్ర చూపు కలిసి కథ మొదటి వాక్యానికి ముందే ఒక వాతావరణాన్ని ఏర్పరచేవి. అదే కథ సంపుటిలోకి చేరేసరికి బొమ్మ తొలగిపోయింది. విశ్వవిద్యాలయాల్లో కథపై జరిగిన పరిశోధన చాలావరకు సంపుటాల ఆధారంగానే సాగినందున బొమ్మ పరిశోధకుని దృష్టికి రాలేదు. ‘బుడుగు’ వంటి రచనల విషయంలో మాత్రం ఈ తొలగింపు సాధ్యం కాలేదు. ముళ్ళపూడి వెంకటరమణ వాక్యం నుండి బాపు గీతను వేరు చేసి ఆ పుస్తకాన్ని ఊహించుకోవడం కష్టం.

బొమ్మను అలంకారంగా భావించడం ఒక లోపమైతే, దాన్ని కేవలం ప్రతిభా ఫలితంగా భావించడం మరొక లోపం. ఇలస్ట్రేటర్ స్వేచ్ఛాచిత్రకారుడు కాడు. ఒకరు అడిగితే, ఒక గడువులో, ఒక కొలతకు, ఒక ముద్రణ పద్ధతికి లోబడి గీసేవాడు. కాబట్టి అతని జీవితంలో తొలి సౌందర్య నిర్ణయం కుంచె ఎంపిక కాదు, ఎవరి కోసం గీయాలన్నదే. ఆ నిర్ణయాన్ని విమర్శ పరిగణించనంత కాలం తెలుగు గీత చరిత్ర అసంపూర్ణంగానే ఉంటుంది.

2. పరిశీలనా ప్రమాణాలు:

‘విపణి’ అన్న మాటను ఇక్కడ కేవలం డబ్బు చేతులు మారే చోటు అన్న అర్థంలో వాడటం లేదు. బొమ్మను కోరేవారు, దానికి వెల కట్టేవారు, దాన్ని అచ్చువేసేవారు, చూసేవారు కలిసి ఏర్పడే వ్యవస్థ విపణి. ఈ నలుగురూ ఒకరే కానవసరం లేదు. వారపత్రికలో బొమ్మను కోరేవాడు సంపాదకుడు, చూసేవాడు పాఠకుడు. సినిమా పోస్టరులో కోరేవాడు నిర్మాత, చూసేవాడు దారిన పోయే మనిషి. పిల్లల పుస్తకంలో కొనేది పెద్దలు, చూసేది పిల్లలు.

విపణికీ చిత్రకళకూ ఉన్న ఈ సంబంధం అచ్చు యంత్రంతో మొదలైంది కాదు. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు కులపురాణాలను గానం చేసే కథకుల కోసం పటాలు గీసేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారికి గీసిన పటంలో ఏ ఘట్టాలు ఉండాలో, ఏ క్రమంలో ఉండాలో గాన సంప్రదాయమే నిర్ణయించింది. రాత్రిపూట జనం మధ్య విప్పే పటం కనుక ఎరుపు నేపథ్యం మీద పెద్ద ఆకృతులు నిలిచాయి. గాయకుల ఆదరణ తగ్గి హస్తకళల దుకాణం ప్రధాన విపణి అయినప్పుడు పటం చిన్న ఫలకంగా, ముసుగుగా, గోడ అలంకారంగా మారింది. చేయి అదే, రంగు అదే. మారింది చూపరి.

ఈ ఉదాహరణ ఆధారంగా ఏ విపణినైనా నాలుగు ప్రశ్నలతో పరిశీలించవచ్చు. బొమ్మను ఎంత దూరం నుండి చూస్తారు? ఎంతసేపు చూస్తారు? అది ఏ పద్ధతిలో అచ్చవుతుంది? అచ్చయిన తర్వాత ఎవరికి చెందుతుంది? మొదటి మూడు శైలికి సంబంధించినవి, నాలుగవది హక్కుకు సంబంధించినది.

3. ఒకే విపణి, ఒక జీవితకాలం: చందమామ:

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి ప్రారంభించిన ‘చందమామ’ బొమ్మను కథతో సమానంగా నిలిపిన పత్రిక. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు దానికి రూపం ఇచ్చారు. వీరిలో శంకర్‌గా ప్రసిద్ధుడైన కె.సి. శివశంకరన్ (1924-2020) ఉదాహరణ ప్రత్యేకమైనది. మద్రాసు చిత్రకళా పాఠశాలలో శిక్షణ పొందిన ఆయన 1950వ దశకం తొలి సంవత్సరాల్లో చందమామలో చేరి, దాదాపు ఆ పత్రిక చివరి రోజుల వరకు దానికే గీశారు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుని బొమ్మ ఆయనదే.

చందమామ అనేక భారతీయ భాషల్లో వెలువడింది. కథా పాఠం భాషను బట్టి మారినా బొమ్మ మారేది కాదు. అందువల్ల ఆ బొమ్మ ఏ ఒక్క ప్రాంతపు పాఠకునికీ పరాయిది కాకూడదు. రాజు తలపాగా, గ్రామీణుని పంచె, గుడి గోపురం, అడవిలోని చెట్టు అన్నీ ‘ఒకానొక దేశం’లోనివిగా కనిపించాలి. చందమామ బొమ్మల్లో కనిపించే కాలాతీత భారతీయత చిత్రకారుల పురాణ పరిజ్ఞానం వల్ల మాత్రమే ఏర్పడింది కాదు. బహుభాషా విపణి దాన్ని అవసరం చేసింది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980 వరకు సంపాదక బాధ్యతలు వహించిన కాలంలో కథనశైలి ఎంత నిరాడంబరంగా, ప్రాంతీయ పలుకుబడికి దూరంగా ఉండేదో బొమ్మ కూడా అంతే సమతూకంతో ఉండటాన్ని గమనించవచ్చు.

రెండవ విశేషం చూసే సమయం. చందమామను పిల్లలు ఒకసారి చదివి పారేయలేదు. సంచికలను దాచుకొన్నారు, బైండు చేయించుకొన్నారు, మళ్ళీ మళ్ళీ చూశారు. అలా చూసే చూపరికి వివరం కావాలి. శంకర్ బొమ్మలో నేలమీది గడ్డి, స్తంభం మీది చెక్కడం, వెనుక నిలిచిన భటుని ముఖకవళిక వరకు గీత చేరడం ఈ అవసరానికి స్పందనే.

ఒకే విపణికి కట్టుబడటం వల్ల చిత్రకారునికి నెల జీతం, స్థిరమైన పాఠకవర్గం, పాత్రలను ఏళ్ళ తరబడి పెంచుకొనే అవకాశం లభించాయి. ఆ విపణి కూలినప్పుడు ఆశ్రయం కూడా కూలుతుంది. 2007లో చందమామ యాజమాన్యం మారింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే పత్రిక నిలిచిపోయింది. ఆరు దశాబ్దాల గీతకు ఆధారమైన వేదిక అలా కనుమరుగైంది. లోతు, భద్రత, ప్రమాదం మూడూ ఒకే నిర్ణయం నుండి పుట్టాయి.

4. కథ అక్కరలేని బొమ్మ: ముఖపత్రం:

వడ్డాది పాపయ్య (1921-1992) ఎంచుకొన్న ప్రధాన విపణి ముఖపత్రం. చందమామ, యువ, స్వాతి పత్రికలకు ఆయన వేసిన వర్ణచిత్రాలు ‘వపా’ పేరును ఇంటింటికీ చేర్చాయి. లోపలి పేజీలోని కథాచిత్రానికి కథ ఆధారం. ముఖచిత్రం ఏ కథకూ బాధ్యత వహించదు. అది పత్రికల దుకాణంలో తాడుకు వేలాడుతూ పది పత్రికల మధ్య తన పత్రికను చూపించాలి, కొన్న తర్వాత ఇంట్లో నిలవాలి. ఋతువులు, పండుగలు, పురాణ నాయికలు, పల్లె పడుచులు వపాకు ఇష్టమైన వస్తువులు కావడానికి ఆయన అభిరుచితో పాటు ఈ ద్వంద్వ అవసరమూ కారణమే. సంక్రాంతి సంచికకు సంక్రాంతి లక్ష్మి, దీపావళి సంచికకు దీపకాంతి కావాలి. పత్రికా పంచాంగమే ఆయన వస్తుసూచిక.

అంతగా నిర్దేశితమైన వస్తువులోనే ఆయన తన స్వేచ్ఛను వెతుక్కొన్నారు. ముఖపత్రం రంగుల ముద్రణకు పత్రిక ఎక్కువ ఖర్చు పెట్టే పుట. లోపలి బొమ్మలకు దొరకని వర్ణ వైవిధ్యం అక్కడ సాధ్యమైంది. ఆ అవకాశాన్ని ఆయన నీటిరంగుల సున్నితత్వం కోసం, నేపథ్యంలో కరిగిపోయే వర్ణచ్ఛాయల కోసం వినియోగించారు. పాఠకులు ఆ పుటలను కత్తిరించి పటాలు కట్టించుకోవడం గమనార్హం. పత్రిక కోసం గీసిన బొమ్మ పత్రికను వదిలి గోడ మీదికి చేరింది. ఒక విపణికి గీసినది చూపరుల చేతుల్లో మరొక విపణిలోకి ప్రవేశించింది. చిత్రకారునికి ఆ రెండవ ప్రయాణంలో ఆదాయం లేదు, కీర్తి మాత్రమే ఉంది.

5. అనేక విపణులు, ఒకే గీత: బాపు:

శంకర్‌కు పూర్తిగా భిన్నమైన మార్గం బాపుది (సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933-2014). నరసాపురంలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, ఆంధ్రపత్రికలో బొమ్మలు, కార్టూన్లు వేసి, ప్రకటనల రంగంలోనూ కొంతకాలం పనిచేసి, 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకుడయ్యారు. వారపత్రిక కథలు, నవలల ముఖచిత్రాలు, కార్టూన్లు, సినిమా ప్రచారం, రామాయణ చిత్రాలు అన్నింటా గీశారు. ఇన్ని చోట్ల గీసినా గీత ఒక్కటిగా గుర్తుపట్టేలా ఉండటం ఎలా సాధ్యమైంది?

దీనికి సమాధానం వారపత్రిక ముద్రణ పరిస్థితుల్లో కొంత దొరుకుతుంది. లెటర్‌ప్రెస్ కాలంలో చవక కాగితం మీద నలుపు తెలుపుల లైన్ బ్లాకు మాత్రమే స్పష్టంగా అచ్చయ్యేది. మధ్యచ్ఛాయలకు హాఫ్‌టోన్ బ్లాకు కావాలి. దానికి ఖర్చు ఎక్కువ, నాసి కాగితం మీద ఫలితం మసక. వారం వారం గడువు మరొక ఒత్తిడి. తక్కువ గీతల్లో, నిండైన నలుపుతో, ఖాళీ తెలుపుతో పాత్రను నిలబెట్టగలిగినవాడే ఆ విపణిలో నిలుస్తాడు. బాపు గీతలోని పొదుపు ఈ పరిమితిని ప్రతిభగా మార్చుకొన్న ఫలితం. ఆ పొదుపే ఆయనను ఇతర విపణుల్లోకి సులువుగా తీసుకుపోయింది. చిన్న గీతతో నిలిచే ఆకృతి పుస్తకం అట్ట మీదా నిలుస్తుంది, ప్రకటనలోనూ నిలుస్తుంది.

శీర్షిక అక్షరాలను కూడా బాపు బొమ్మలో భాగం చేశారు. కథ పేరు, రచయిత పేరు, పాత్ర ఒకే కుంచె కదలికలో పుట్టినట్లు ఉంటాయి. ఆయన చేతిరాత తర్వాతి కాలంలో కంప్యూటరు ఖతిగా మారడం ఇందుకు కొనసాగింపు. బొమ్మ అవసరం లేని చోట కూడా ఆయన గీత కనిపించే స్థితి ఏర్పడింది. ఒక విపణిలో సాధించిన నైపుణ్యాన్ని మరొక విపణికి పెట్టుబడిగా మలచిన చిత్రకారులలో తెలుగునాట ఆయనకు సాటి అరుదు.

6. విపణి కోరిన స్త్రీ:

విపణి గీతకు ఇచ్చినదాన్ని లెక్కించిన విమర్శ, గీత నుండి తీసుకొన్నదాన్ని కూడా లెక్కించాలి. ‘బాపు బొమ్మ’ తెలుగులో అందమైన స్త్రీకి పర్యాయపదమైంది. ఒక చిత్రకారుని పేరు జాతీయంగా మారడం అపూర్వ గౌరవం. అయితే ఆ జాతీయం వెనుక ఒక కోరిక కూడా స్థిరపడింది. పొడవైన జడ, పెద్ద కళ్ళు, సన్నని నడుము గల ఆకృతి పాఠకుడు ఆశించే వస్తువైంది. తర్వాతి తరం చిత్రకారులు ఎందరో ఆ ఆకృతినే అనుసరించారు. వపా నాయిక వర్ణాల ద్వారా, బాపు నాయిక రేఖ ద్వారా ఒకే దిశలో ప్రయాణించి, కథాస్త్రీకి ఒక నమూనాను ఏర్పరచారు.

కథలోని స్త్రీ వ్యవసాయ కూలీ కావచ్చు, మధ్యతరగతి ఉద్యోగిని కావచ్చు, వృద్ధురాలి జ్ఞాపకంలోని బాలిక కావచ్చు. బొమ్మలో మాత్రం ఆమె ఆ నమూనాకు దగ్గరగా వచ్చే ధోరణి బలపడింది. కథ చెప్పే సామాజిక వాస్తవం ఒకటి, బొమ్మ చూపే దేహం మరొకటి అయినప్పుడు పాఠకుడు రెండు కథలు చదువుతున్నాడు. దీన్ని చిత్రకారుని దృష్టిలోపంగా మాత్రమే భావించలేం. పత్రిక అమ్మకం బొమ్మ మీద ఎంతో కొంత ఆధారపడిన విపణిలో నమూనాను తప్పిన చిత్రకారునికి మరో బొమ్మ వస్తుందన్న హామీ లేదు.

ఈ నమూనాకు వెలుపల నిలిచిన గీతలూ ఉన్నాయి. చంద్ర, మోహన్ వంటి చిత్రకారుల బొమ్మల్లో శ్రమతో బిగిసిన కండరం, వంగిన నడుము, మొరటు చేతివేళ్ళు కనిపిస్తాయి. అవి అందవిహీనతను కోరి గీసినవి కావు. అందం అన్న మాటకు మరో విపణిలో మరో అర్థం ఉందని చెప్పినవి.

7. గోడ, వీధి: సినిమా పోస్టరు, ఉద్యమ పోస్టరు:

సినిమా ప్రచారాన్ని విపణిగా ఎంచుకొన్న చిత్రకారుల్లో పాలకొల్లుకు చెందిన ఈశ్వర్ ముఖ్యులు. బాపు తొలి చిత్రం ‘సాక్షి’తోనే ఆయన స్వతంత్ర పబ్లిసిటీ డిజైనరుగా పరిచయమయ్యారు. ఆయన రాసిన ‘సినిమా పోస్టర్’ గ్రంథం ఈ రంగానికి సంబంధించి తెలుగులో ముఖ్యమైన ఆకరం. పోస్టరును నడుస్తూ, బస్సులో కూర్చొని, కొన్ని క్షణాలు మాత్రమే చూస్తారు. కాబట్టి ముఖం పెద్దది కావాలి, అక్షరం లావు కావాలి, కథలోని రసం ఒక్క చూపులో తెలియాలి. వారపత్రిక చిత్రకారుడు గీతను తగ్గించడం నేర్చుకొంటే, పోస్టరు చిత్రకారుడు ఉద్వేగాన్ని పెంచడం నేర్చుకొంటాడు. కొత్త పోస్టరు వచ్చిన రోజు పాతది దాని కింద మరుగున పడుతుంది. సంతకం ఉన్నా చూసేవారు తక్కువ. ఈ కారణాల వల్ల ఎంతో మంది ప్రచార చిత్రకారుల పని చరిత్రలో నమోదు కాకుండా పోయింది.

అదే గోడను మరో ప్రయోజనం కోసం వాడిన చిత్రకారుడు మోహన్. విశాలాంధ్ర, ఉదయం వంటి పత్రికల్లో రాజకీయ కార్టూన్లు వేసిన ఆయన సభల బ్యానర్లు, పోస్టర్లు, పుస్తకాల అట్టలు విస్తారంగా గీశారు. ఉద్యమాన్ని విపణి అనడం కొందరికి అభ్యంతరకరంగా తోచవచ్చు. కానీ కోరేవారు, అచ్చువేసేవారు, చూసేవారు ఇక్కడా ఉన్నారు. వెల కట్టేవారే తరచుగా ఉండరు. వెల లేకపోయినా గడువు, కొలత, చూపరి దూరం అన్న నియమాలు తప్పవు. డబ్బు లేని విపణి కూడా శైలిని నిర్మిస్తుందని, అక్కడి చిత్రకారుని జీవికకు మరో విపణి అండగా ఉండాల్సి వస్తుందని మోహన్ కృషి నిరూపిస్తుంది. పత్రికా ఉద్యోగం, ఉద్యమ చిత్రం ఆయనలో పక్కపక్కనే నడిచాయి.

8. బొమ్మ ఎవరిది?

నాలుగవ ప్రమాణమైన హక్కు గురించి తెలుగు విమర్శ దాదాపు మౌనంగా ఉంది. 1957 కాపీరైట్ చట్టం చిత్రలేఖనాలను, రేఖాచిత్రాలను కళాకృతులుగా గుర్తించింది. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికలో ఉద్యోగిగా పత్రికా ప్రచురణ కోసం చేసిన కృతి విషయంలో ఆ ప్రచురణ మేరకు తొలి హక్కు యజమానిది, మిగతా విషయాల్లో కర్తది. అంటే పత్రిక కోసం గీసిన బొమ్మను క్యాలెండరుగానో, పుస్తకంగానో అచ్చువేయడం వేరే ప్రశ్న. అదే సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి ఒకరు కోరి గీయించుకొన్న వర్ణచిత్రం విషయంలో తొలి హక్కు గీయించుకొన్నవారిది అవుతుంది. జీతగాడా, స్వతంత్రుడా అన్న తేడా వల్ల బొమ్మ భవిష్యత్తు మారిపోతుంది.

19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పత్రంలో కాలపరిమితి పేర్కొనకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశంగా భావిస్తారు. 57వ సెక్షన్ కర్తగా గుర్తింపు పొందే హక్కును, తన ప్రతిష్ఠకు భంగం కలిగించే వికృతీకరణను అడ్డుకొనే హక్కును బదిలీ తర్వాత కూడా కర్తకే నిలుపుతుంది. పేరుతో ప్రచురితమైన కళాకృతికి కర్త మరణానంతరం 60 సంవత్సరాల వరకు రక్షణ ఉంది. వపా 1992లో మరణించారు కనుక ఆ కాలం 2052తో ముగుస్తుంది. పండుగ పూట ఆయన బొమ్మలను పేరు లేకుండా, అంచులు కత్తిరించి పంచుకొనే నేటి అలవాటును ఈ నేపథ్యంలో చూడాలి. నోటిమాట మీద నడిచిన తెలుగు ప్రచురణ రంగంలో విపణిని ఎంచుకోవడం అంటే తెలియకుండానే ఒక హక్కుల ఒప్పందాన్ని ఎంచుకోవడం.

9. నేటి ఇలస్ట్రేటర్ ముందున్న దారులు:

కథాచిత్రానికి ప్రధాన ఆశ్రయమైన వారపత్రిక నేడు క్షీణించింది. 2020 తర్వాత తెలుగులో అచ్చు పత్రికలు పలు నిలిచిపోయాయి. కొత్తగా గీయడం మొదలుపెట్టినవారికి చందమామ వంటి జీవితకాలపు ఆశ్రయం గానీ, వారానికి అనేక కథలు దొరికే పరిస్థితి గానీ లేదు. ఉన్నవాటిలో గమనించదగినది బాలల బొమ్మల పుస్తకం. తూలిక, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వంటి సంస్థలు తెలుగులోనూ పిల్లల పుస్తకాలు ప్రచురిస్తున్నాయి. ఈ రంగంలో రచయిత పేరుతో పాటు చిత్రకారుని పేరు అట్ట మీదికి వచ్చింది. వారపత్రికలో చాలావరకు మూలన సంతకంగా మిగిలిన పేరుకు ఇది చిన్న మార్పు కాదు.

బొమ్మల పుస్తకం కథాచిత్రం కంటే భిన్నమైన నైపుణ్యాన్ని కోరుతుంది. ఒక దృశ్యాన్ని ఎంచుకొని గీస్తే చాలదు. పుట తిప్పినప్పుడు ఏమి కనిపించాలో, మాట చెప్పనిది బొమ్మ ఎక్కడ చెప్పాలో ఆలోచించాలి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలో పుస్తకాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో లభిస్తాయి. బొమ్మను ఇతరులు ఇతర భాషల్లో, ఇతర కథల్లో వాడుకోవచ్చు. చందమామ బొమ్మ యజమాని నిర్ణయంతో అనేక భాషల్లోకి వెళ్ళింది. ఇక్కడి బొమ్మ లైసెన్సు అనుమతితో వెళుతుంది. రెండింటా ఒకే సౌందర్య ప్రశ్న ఎదురవుతుంది. అనేక భాషల పిల్లలకు సరిపోయే బొమ్మలో తెలుగు నేల ఎంత మిగులుతుంది? చందమామ చిత్రకారులు దానికి కాలాతీత దేశాన్ని సమాధానంగా ఇచ్చారు. నేటివారికి ఆ సమాధానం చాలదు. ఊరు, కులం, వృత్తి, దేహం అన్న వివరాలతో కూడిన బాల్యాన్ని గీయాలన్న స్పృహ పెరిగింది. ఆ వివరాలను నిలుపుకొంటూనే ఇతర ప్రాంతాల పిల్లలకు చేరడం ఈ తరం పరీక్ష.

10. ముగింపు:

విపణిని ఎంచుకోవడం కళతో రాజీ పడటమన్న భావన తెలుగు చిత్రకళా చర్చల్లో బలంగా ఉంది. పై పరిశీలన దాన్ని సమర్థించదు. చందమామ చిత్రకారుల వివరసంపద, వపా వర్ణసౌకుమార్యం, బాపు రేఖాలాఘవం, ఈశ్వర్ పోస్టరు ఉద్వేగం, మోహన్ వీధిగీత ఆయా విపణుల నియమాల నుండే రూపొందాయి. అదే సమయంలో విపణి తటస్థమైనది కాదని కథాస్త్రీ నమూనా తెలుపుతుంది. ఏ రంగం గీతకు బలాన్నిచ్చిందో ఆ రంగమే దాని చూపుకు హద్దు గీయగలదు.

ఒకే విపణిలో లోతు, అనేక విపణుల్లో భద్రత ఉన్నాయన్నది శంకర్, బాపుల ఉదాహరణలు చెప్పే విషయం. వాటిలో ఏది మేలన్నది సూత్రీకరించదగినది కాదు. ఎంపికకు ముందు చూపరి ఎవరు, గీతకు దొరికే కాలం ఎంత, బొమ్మ చివరికి ఎవరిదన్నది తెలుసుకొనే అవకాశం మాత్రం నేటి చిత్రకారునికి పూర్వులకంటే ఎక్కువగా ఉంది.

పరిశోధకుల బాధ్యత ఇంకా మిగిలి ఉంది. కథను సంపుటిలో మాత్రమే కాక తొలి ప్రచురణ పుటలో చూడటం, బొమ్మ వేసినవారి పేరును ఆకర వివరాల్లో చేర్చడం, పాత పత్రికల చిత్రసూచికలను తయారుచేయడం వెంటనే చేపట్టదగిన పనులు. పాత సంచికల కాగితం పెళుసుబారి విరుగుతున్నది. బొమ్మ పోతే పోయేది అలంకారం కాదు, ఆ కథను తొలిసారి చదివిన పాఠకుని అనుభవంలో సగం.